బొంత మూల

బొంత వయసు తెలుసుకోవాలంటే దాని మూల చూడాలి. నడిమధ్య కుట్లు దట్టంగా ఉంటాయి, లోపలి గుడ్డ కనపడదు. మూలలే ముందు అరుగుతాయి. దులిపేటప్పుడు పట్టుకునేది మూలే, దండెం మీదికి విసిరేటప్పుడు పట్టుకునేది మూలే, పాలు మానిన పిల్లాడు నిద్దట్లో చప్పరించేదీ మూలే. అక్కడ పైగుడ్డ చిరిగి, దాని కిందిది, దాని కిందిది ఒక్కొక్కటిగా తొంగిచూస్తాయి.

మా ఇంటి బొంతను నేను అలా పట్టి చూసింది మొన్నటి దీపావళికి ముందు. సూరత్‌లో లింబాయత్ నుంచి డిండోలికి ఇల్లు మారుతున్నాం. అటక మీది రేకు పెట్టె దించి మూత తీస్తే, అడుగున పాత దుప్పట్లో చుట్టి ఉందది. విప్పితే ఎండిన వేపాకు పొడి నేలంతా రాలింది. పైన నీలం పూల పాలిస్టర్ చీర, నిన్న కొన్నట్టు మెరుస్తోంది. ముప్పయ్యేళ్ల కిందట అమ్మ కుట్టిన బొంత అనుకున్నాను. అమ్మ ఏమీ మాట్లాడకుండా మూల వంచి చూపించింది. నీలం కింద పసుపు మీద మట్టిరంగు పువ్వుల గుడ్డ. దాని కింద ఎర్ర అంచు తెల్ల చీర. ఆ కింద ముతక తెలుపు, ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది.

"గది మా మామ పంచె బిడ్డా. మీ తాతది. ఆయనే నేసుకున్నడు," అన్నది.

మా తాత పోయి నలభై ఏళ్లు. ఆయన చేతి గుడ్డ ఇంట్లో జానెడు కూడా మిగల్లేదని మేమంతా అనుకుంటూ వచ్చాం. చిన్నప్పుడు మేం పడుకున్న బొంత కడుపులోనే అది ఉంది.

సామెతల్లో బొంతకు మర్యాద లేదు. గంతకు తగ్గ బొంత అంటాం, ఇద్దరినీ ఒకేసారి చులకన చేయడానికి. ఆ చులకన వల్లే కావచ్చు, పట్టుచీరను దాచిన శ్రద్ధతో బొంతను ఎవరూ దాచలేదు. కానీ ఈ పని దేశమంతటా ఉంది. సంస్కృతంలో కంథ అన్నా పాతగుడ్డల బొంతే. బెంగాల్‌లో అది కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, గుజరాత్‌లో గోదడి, కచ్ నుంచి సింధ్ దాకా రల్లి. ఊరు మారితే పేరు మారింది, పని మాత్రం ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన గుడ్డలను ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా కచ్చాకుట్టు వేసి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి సూదితో వరసలు తీయడం. రజాయిలో ఉన్నట్టు మా బొంతల్లో దూది ఉండదు. గుడ్డకు గుడ్డే ఆసరా, పొరకీ పొరకీ మధ్య నిలిచిన గాలే వెచ్చదనం.

అందులో ఎంత పని ఉందో లెక్క వేస్తే తెలుస్తుంది. పాతకాలపు నేతచీర 8 గజాలు, పన్నా 45 అంగుళాలు అనుకుందాం. నాలుగు మడతలు వేస్తే ఒక్కో మడత రెండు గజాలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు. సరిగ్గా ఒక మనిషి పడుకునే కొలత. అంగుళానికొక వరస చొప్పున కుడితే 45 వరసలు, ఒక్కో వరస 72 అంగుళాలు. మొత్తం 3,240 అంగుళాలు, అంటే 90 గజాల కుట్టు. అంగుళానికి మూడు పోట్లు వేసుకున్నా 9,720 సార్లు సూది దిగి పైకి రావాలి. అదీ నాలుగు పొరల్లోంచి. వంట అయ్యాక, బీడీల పనో కండెల పనో అయ్యాక, మధ్యాహ్నం దొరికిన గంటా గంటన్నరలో చేసే పని ఇది. మా నానమ్మ ఒక బొంత మొదలుపెడితే సంక్రాంతి నుంచి ఉగాది దాకా పట్టేదని అమ్మ చెప్తుంది.

అంత కష్టం పడేటప్పుడు కొత్త గుడ్డతోనే కుట్టొచ్చు కదా అని నేనూ అడిగాను. అమ్మ నవ్వి ఊరుకుంది. ఎందుకు కుట్టకూడదో తర్వాత నా చేత్తో కుట్టినప్పుడు తెలిసింది. కొత్త నూలు గుడ్డలో గంజి ఉంటుంది, పోగు పురి బిగువుగా ఉంటుంది. ఒక పొర అయితే సూది దిగుతుంది, నాలుగు పొరల్లో దిగాలంటే బొటనవేలు వాస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు మొదటి ఉతుకులో వస్తుంది. కొత్త నూలు గుడ్డ నీళ్లు తగలగానే ముడుచుకుంటుంది. నాలుగు గుడ్డలు నాలుగు రకాలుగా ముడుచుకుంటే కుట్లు లాగేసి బొంత అంతా గడ్డలు కడుతుంది. పదేళ్లు కట్టిన చీర ముడుచుకోవలసినంతా ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది. దానిలో గంజి లేదు, బిగువు లేదు, ఒంటికి గుచ్చుకునేది ఏదీ లేదు. పుట్టిన బిడ్డను కొత్త గుడ్డలో పెట్టొద్దు, పాత గుడ్డలోనే చుట్టాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

ఇక పొరల దగ్గరికి వస్తాను. మా బొంతలో ఉన్నది మా ఒక్క ఇంటి సంగతే అయినా, తెలంగాణ నుంచి బతుకుదెరువుకు వచ్చిన నేతవాళ్ల ఇళ్లలో చాలామందికి అది తమ సంగతిలాగే తోస్తుంది.

అడుగు పొర తాత పంచె. నాలుగు గజాలు, రెండు మడతలు. గుంట మగ్గం మీద నేసిన గుడ్డ అని దాన్ని చూసి చెప్పొచ్చు. పేక పోగు అన్నిచోట్లా ఒకే ఒత్తుగా పడదు, కాలి తొక్కుడు, చేతి విసురు మారిన చోట సన్నని చారలా తెలుస్తుంది. వేలి కొనతో రాస్తే ఆ చార తగులుతుంది. కుట్టుదారం కూడా కొన్నది కాదు. మగ్గం మీద గుడ్డ కోసుకున్నాక మిగిలిన పడుగు కొసలను నానమ్మ ముడివేసి, పేని దారం చేసింది. ప్రతి మూరకూ ఒక చిన్న ముడి ఉంది. ఆ ముడులను వెనక్కి, లోపలి మడతలోకి నెట్టి కుట్టింది, పడుకున్నవాళ్ల వీపుకు గుచ్చుకోకుండా.

రెండో పొర ఎర్ర అంచు జనతా చీర. 1976లో కేంద్ర ప్రభుత్వం చేనేతకు పని కల్పించడానికి జనతా వస్త్రాల పథకం పెట్టింది. పేదలకు చవకగా పంచే చీరలు, పంచెలు మగ్గాల మీద నేయించింది. దానితో కూలి దొరికింది, పనితనం పోయింది. ఒకే అంచు, ఒకే కొలత, తక్కువ రకం నూలు. మంచి అంచులు నేసే చేతులు ఏళ్ల తరబడి ఆ ఒక్క రకమే నేశాయి. పథకం తగ్గిపోయాక ఆ చేతులకు పాత పనీ మిగల్లేదు, కొత్త పనీ దొరకలేదు. బొంతలో ఆ పొరే అన్నిటికన్నా ముందు చిరిగింది. పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది.

మూడో పొర మిల్లు చీర, పసుపు మీద మట్టిరంగు పూలది. అప్పటికి నాన్న సూరత్ వచ్చేశాడు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు భివండికి, సోలాపూర్‌కి, అహ్మదాబాద్‌కి, సూరత్‌కి వలస వెళ్లిన కాలం. ఊళ్లో మగ్గం నేసినవాడు ఇక్కడ మరమగ్గం దగ్గర నిలబడ్డాడు. మా వైపు సాంచాలు అంటాం వాటిని. పన్నెండు గంటల పాళీ. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటే పగటి పాళీవాడు లేచిన పడకలో రాత్రి పాళీవాడు పడుకునేవాడు. అలాంటి గదిలో మంచానికి చోటు లేదు. పొద్దున చుట్టి మూలన నిలబెట్టే బొంత అక్కడ పరుపు, దుప్పటి రెండూ అయింది. సూరత్‌లో చలి పెద్దగా ఉండదు, అయినా ప్రతి గదిలో బొంత ఉండటానికి కారణం అదే. మెల్లగా కుటుంబాలు వచ్చాయి. మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతుంది. నేను చదువుకుంది అలాంటి బడిలోనే. లింబాయత్‌లో బతుకమ్మ ఆడతారు, మార్కండేయుడికి మొక్కుతారు. బయటివాళ్లకు సూరత్ అంటే వజ్రాలు. మాకు సూరత్ అంటే రాత్రంతా ఆగని సాంచాల చప్పుడు, ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచే నాన్న.

నాలుగో పొర, పైన మెరుస్తున్న నీలం పాలిస్టర్. దీనికి తేదీ ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్నారు. కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచిపోయారు. అమ్మ ఇద్దరు పిల్లలను, ఒక సంచిని, ఈ బొంతను పట్టుకుని రైలెక్కింది. సామాన్లలో అదే ఎందుకు తీసుకున్నావు అంటే, బోగీలో చోటు దొరక్కపోతే పిల్లలను కింద పడుకోబెట్టడానికని చెప్పింది. తిరిగి వచ్చాక చూస్తే పైపొర చిరిగిపోయి ఉంది. సూరత్‌లో తాను మొదటిసారి కొనుక్కున్న చీరను, అప్పటికి బాగా ఉన్నదాన్నే, దాని మీద పరిచి కుట్టేసింది.

ఆ నాలుగో పొరే బొంతను పాడుచేసింది.

ఇది నేను తేలిగ్గా అనడం లేదు, ఆ చీర అమ్మకు ఎంతో నాకు తెలుసు. కానీ గుడ్డ స్వభావం గుడ్డది. నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను మామూలు గాలిలోంచే పట్టుకుంటుంది, పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతం. అందుకే నూలు బొంత చెమట పీల్చి చల్లబడుతుంది, పాలిస్టర్ బొంత వీపుకు అంటుకుంటుంది. పాలిస్టర్ పోగు నున్నన, కుట్టుకు నిలవదు, కింది పొర మీద జారుతుంది. నూలు పొరలన్నీ కలిసి అరుగుతాయి, కలిసి మెత్తబడతాయి. పాలిస్టర్ మాత్రం అరగదు. ఆ జారుడులో లోపలి నూలు రాపిడికి ముద్దలై ఒక పక్కకు చేరుతుంది. బయటి నుంచి చూస్తే బొంత కొత్తదిలా ఉంటుంది, లోపల తాత పంచె ముక్కలవుతూ ఉంటుంది. నిప్పుకు దగ్గరగా పెడితే నూలు కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. కట్టెల పొయ్యి పక్కన బొంతలో పసిబిడ్డను పడుకోబెట్టే ఇళ్లలో ఇది చిన్న మాట కాదు.

1985 నాటి జౌళి విధానం నూలుకూ కృత్రిమ దారానికీ మధ్య తేడా తగ్గించింది. ఆ తర్వాత సూరత్ పాలిస్టర్ చీర దేశంలో ప్రతి సంతకూ చేరింది. అది చవక, ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు. పొలం పనికి పోయే ఆడమనిషి దాన్ని ఎంచుకోవడంలో తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. 2017లో తెలంగాణలో మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు కూడా కొంత సరుకు సూరత్ నుంచే వెళ్లింది. నేతవాళ్లు సూరత్ వచ్చారు, ఇక్కడ చీర నేశారు, ఆ చీర వాళ్ల ఊరికే వెళ్లింది. అక్కడ ఆడవాళ్లు నూలు కట్టడం తగ్గించారు. నూలు చీర పాతబడటం ఆగిపోయింది కాబట్టి బొంతకు గుడ్డ దొరకడం ఆగిపోయింది. ఊళ్లలో బొంత కుట్టడం ఎందుకు తగ్గిందని అడిగితే ఓపిక లేకనో, టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చాకనో అంటారు. నా లెక్కలో ముందుగా తగ్గింది ముడిసరుకు. ఓపిక ఆ తర్వాత తగ్గింది.

నిజానికి ఈ గుజరాత్ నేలకు బొంత కొత్తది కాదు. పదహారో శతాబ్దం మొదట్లో వచ్చిన పోర్చుగీసు బాటసారి దువార్తె బార్బోసా ఖంబాయత్‌లో అందమైన బొంతలు, పడక తెరలు తయారవుతాయని రాశాడు. ఆ తర్వాత సూరత్‌లో కొఠీ పెట్టిన ఇంగ్లీషు కంపెనీ తన దేశానికి పంపిన సరుకుల్లో గుజరాత్ బొంతలూ ఉన్నాయి. మన కోస్తా తీరం నుంచి, మచిలీపట్నం చుట్టుపక్కల నుంచి వెళ్లిన అద్దకం బట్టలు కూడా యూరప్‌లో పడకల మీదికే చేరాయి. ఇంగ్లండ్‌లో లెవెన్స్ హాల్ అనే పాత భవంతిలో 1700 తర్వాత కొద్ది ఏళ్లలో కుట్టిన ఒక ముక్కల బొంత ఉంది. ఆ దేశంలో మిగిలిన ముక్కల బొంతల్లో బాగా పాతదిగా దాన్ని చెప్తారు. అందులోని ముక్కలు మన దేశపు అద్దకం గుడ్డవే. అక్కడి నేతవాళ్లను కాపాడటానికి 1700లోనూ 1721లోనూ మన అద్దకం బట్టల మీద ఆంక్షలు పెట్టారు. అలాంటి రోజుల్లో మన గుడ్డ పీలిక కూడా పారేయదగ్గది కాలేదు.

మన దగ్గర పీలిక విలువ తెలుసుకున్నవాళ్లు లేకపోలేదు. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో బెంగాల్ కాంథాల మీద వ్యాసం రాసింది, ఆమె సేకరించిన కాంథాలు ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో పెట్టిన సేవా సంఘం, మిల్లు పీలికలతో గోదడి గలేబులు కుట్టి పూటకింత సంపాదించే ఆడవాళ్లను కూడగట్టి కూలి పెంచమని అడిగించింది. నాకు ఈ రెండో పని ఎక్కువ నచ్చుతుంది. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో పెద్ద మ్యూజియంలలో గోడలకు వేలాడదీశారు. ఆ పల్లెవాళ్లు కుట్టింది చలికి. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకుంది. మా ఇళ్లలోనూ అంతే.

మా బొంతకు ఒక మచ్చ ఉంది. పొడవు వైపు ఒక అంచు వెంట, నాలుగు వేళ్ల ఎత్తున, గోధుమరంగు గీత. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటికి తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. మేం కింది వాటాలో ఉన్నాం. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే అడుగున ఉన్న బొంత ఒక పక్క బురద తాగి ఉంది. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేదు. అమ్మ మూడు రోజులు డాబా మీద నీడ పట్టున ఆరేసింది. గీత పోలేదు. దాన్ని ఈసారి నిమ్మకాయ, సోడా పెట్టి రుద్దుదామని నేనంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇక నేను చేసిన పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మొదట, బొంతను మిషన్‌లో వేయలేదు, నానబెట్టలేదు. తడిస్తే పాత నూలు తన బరువుకు తానే చిరుగుతుంది. నీడలో చాప మీద పరిచి, పలచని గుడ్డ అడ్డుపెట్టి మెత్తగా దుమ్ము తీశాను. దండెం మీద వేయలేదు. కుట్టు తెగిన చోట్లలోంచి చేయి పోనిచ్చి లోపల ముద్దలైన నూలును సర్దాను. రాలిపోతున్న జనతా చీర ముక్కలను తీసి పారేయలేదు, ఉన్నచోటే పలచని పాత మల్లు గుడ్డ పైనా కిందా పెట్టి పట్టేశాను. నీలం చీరను విప్పేద్దామని రెండు రోజులు ఆలోచించాను. గుడ్డ లెక్క ప్రకారం విప్పడమే సరైంది. కానీ నలుగురి గుడ్డలు ఉన్నచోట అమ్మది మాత్రం తీసేయడం నా చేత కాలేదు. అందుకని దాన్ని ఉంచి, జారకుండా బెత్తెడుకొక అడ్డకుట్టు వేసి, దాని పైనా, వెనక్కి తిప్పి తాత పంచె పైనా నూలు పొరలు పరచాలనుకున్నాను. మా దగ్గర పాత బొంతను పారేయరు, దాని మీదే మరో చీర వేసి కుడతారు. అలా పైకి పెరగడం బొంతకు తెలిసిన పద్ధతే.

దానికి పాత నూలు చీరలు కావాలి. అక్కడ తెలిసింది నేను ఏ ఊళ్లో ఉన్నానో. రింగ్ రోడ్డు మీద మార్కెట్ల వెంట మార్కెట్లు, ఒక్కో దానిలో వందల దుకాణాలు, గుట్టలుగా చీరలు. ఎక్కడ చూసినా పాలిస్టర్. చిందీ అని అమ్మే పీలికలు బస్తాలకొద్దీ ఉన్నాయి, అవీ పాలిస్టరే. దేశానికి చీరలు కట్టబెట్టే ఊళ్లో బొంతకు గుడ్డ లేదు. చివరికి మా పాత వీధిలో ఇల్లిల్లూ అడిగాను. "పాత చీరలేడియమ్మా, అన్నీ స్టీలు గిన్నెలకే పోయినయి," అన్నారు చాలామంది. బట్టలకు గిన్నెలిచ్చేవాళ్లు నూలును ఏరి మరీ తీసుకుపోతారు. నాలుగు వీధులు తిరిగితే మూడు నూలు చీరలు దొరికాయి. మూడూ డెబ్బై దాటినవాళ్లవి. ఒకామె చీర చేతికిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుని, అంచు మాత్రం కోసి తన దిండు కింద పెట్టుకుని, మిగతాది ఇచ్చింది.

సూది గురించి ఒక మాట. దబ్బనం వద్దు, అది పాత నూలులో తూట్లు పెడుతుంది. మామూలు సూది వద్దు, నాలుగు పొరల్లో వంగుతుంది. ఈ రెంటికీ మధ్యది, పొడవుది, కన్ను పెద్దది చూసుకోవాలి. దారం పాలిస్టర్ రీలు వాడకండి. గుడ్డకన్నా దారం గట్టిదైతే లాగినప్పుడు దారం నిలిచి గుడ్డ కోసుకుపోతుంది. నూలు దారం అయితే ముందు దారం తెగుతుంది, మళ్లీ కుట్టుకోవచ్చు. పైపొరను పరిచినప్పుడు చేత్తో మధ్య నుంచి నాలుగు మూలలకు నిమరాలి. కుట్టు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. మొదటి రోజు నా వరసలు పాము నడిచినట్టు వచ్చాయి. అమ్మ పక్కన కూర్చుని చూసి, విప్పమనలేదు. బొంతను నానమ్మ కుట్టిన వైపుకు తిప్పి, ఆమె మొదటి వరస కూడా అలాగే ఉందని వేలు పెట్టి చూపింది. నిజంగానే ఉంది. పై అంచు దగ్గర రెండు జానల మేర వంకర, అక్కడి నుంచి గీత గీసినట్టు.

సంక్రాంతికి మొదలుపెట్టాను. వంట, ఉద్యోగం పోగా రోజుకు గంట. ఈ వ్యాసం రాసేనాటికి ఒక పక్క పొర అయింది, రెండో పక్క సగం మిగిలింది. నా కూతురు మూల దగ్గర పదకొండు పోట్లు వేసింది. పెద్దపెద్దవి, ఒకదానికొకటి పొంతన లేదు. విప్పలేదు.

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో, ఊళ్లో పాత ఇంటి పెట్టెలోనో బొంత ఉండే ఉంటుంది. దొరికితే ఉతకడానికి తొందరపడకండి, ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి. నూలు గుడ్డలో చుట్టండి, నాలుగైదు నెలలకోసారి మడత మార్చండి, కలరా ఉండలకు బదులు ఎండిన వేపాకు వేయండి. ముందు మాత్రం ఒక మూల వంచి చూడండి. చూసేటప్పుడు ఇంట్లో పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ పొర ఎవరిదో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. ఆమె చెప్పింది ఒక గుడ్డ ముక్క మీద రాసి బొంత వెనక కుట్టండి. ఆమె పెట్టెలో నూలు చీర ఉంటే స్టీలు గిన్నెకు ఇవ్వకండి.